మెట్లు లేని కొట్టు

మూడో గోనెసంచి కూడా నిండింది. మామయ్య దాని మూతి మైనం దారంతో బిగించి కట్టి, నాలుగోది అందుకున్నారు. పొద్దున్న ఆరింటి నుంచీ ఇదే పని. నేను తెచ్చిపెట్టిన టీ కత్తిరింపు బల్ల మీద చల్లారి మీగడ కట్టింది.

సంచుల్లోకి వెళ్తున్నవి కర్ర పాదాలు. మా కొట్టులో జోడు కుట్టించుకున్న ప్రతి మనిషికీ ఒక జత ఉంటుంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు, మడమ తిరిగినవాళ్లు, షుగరొచ్చి పాదాలు తిమ్మిరెక్కి దెబ్బ తగిలినా తెలియనివాళ్లు మా దగ్గరికి వస్తారు. బజార్లో దొరికే జోళ్లు వాళ్లకు పనికిరావు. ఆ కాలి కొలతకు మామయ్య కర్ర చెక్కి, దాని మీద తోలు లాగి కుడతారు. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి మళ్లీ వస్తాడు. కాలు వాచినచోట కర్రకు తోలుముక్క అతికిస్తారు, తగ్గినచోట చిత్రిక పడతారు. అలా నలభై ఏళ్లలో మూడు వందల పైచిలుకు జతలు అటకదాకా పేరుకున్నాయి.

వాటిని ఈ మధ్యాహ్నం మూడింటికి పాత కర్ర కొనే అతను బండిలో వేసుకుపోతాడు. కొట్టు ఈరోజుతో సరి.

"నా చెయ్యి పోయింది," అన్నారు మామయ్య పోయిన వారం, అందరం భోజనానికి కూర్చున్నప్పుడు. ఐదు నెలల్లో పాత మనిషి ఒక్కరూ తిరిగి రాలేదు. కొత్తవాళ్లు రాకపోతే కాలం మారిందనుకోవచ్చు, పాతవాళ్లే రాకపోతే కుట్టు మారిందనుకోవాలి. ఇదీ ఆయన లెక్క. ఆ మాట అన్నాక ఇక సూది పట్టలేదు. డెబ్బై ఏళ్ల మనిషి రోజూ కొట్టు తీయడం, చేతులు ఒళ్లో పెట్టుకుని వాకిలి వంక చూడడం, మళ్లీ మూయడం. 

"పోస్టుమాన్ కూడా రాలేదమ్మా," అన్నారు ఇప్పుడు, నా వంక చూడకుండా.

రిటైరైన పోస్టుమాన్ జత మాత్రం ఆయన సంచిలో వేయలేదు. బల్ల మీద విడిగా పెట్టారు. ఇరవై రెండేళ్లుగా, బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి, ఏటా అదే నెలలో వచ్చే మనిషాయన. ఆ నెల వచ్చింది, పోయింది. మామయ్యను అసలు విరిచింది అదే.

నాకేమో నిజం తెలుసు. నిన్న సాయంత్రం నుంచీ తెలుసు. మింగలేక కక్కలేక తిరుగుతున్నాను.

నిన్న మామయ్య కర్రల బేరం మాట్లాడటానికి వెళ్లినప్పుడు, మా దగ్గర జోళ్లు కుట్టించుకునే లెక్కల టీచరు వచ్చింది. గోడ పట్టుకుని, తనవి కాని చెప్పులు వేసుకుని, అరిగిన తన పాత జోడు చేత్తో పట్టుకుని వచ్చింది. కొట్టు మూసేశారో లేదో కళ్లారా చూసిపోదామని వచ్చానంది. జోడు లోపల అట్ట మీద మామయ్య ఎప్పుడూ ఫోను నంబరు రాస్తారు. ఆ నంబరుకు చేస్తే అసలు పనిచేయడం లేదని చెప్పిందట. ఇక ఉన్నది మా వెబ్‌సైట్. దాంతో వారం రోజులు కుస్తీ పట్టిందట ఆవిడ.

"పొగొచ్చింది, పాటొచ్చింది, తర్వాత మెట్లొచ్చాయి," అంది టీచరు కుర్చీలో కూలబడుతూ. "మెట్లెక్కలేకే కదమ్మా నేను మీ కొట్టుకొచ్చేది."

ఆ వెబ్‌సైట్ చేసింది మా ఆడపడుచు. అందరం బుల్లి అంటాం. డిజైను చదువుకుంది, మేడ మీద గదిలో కూర్చుని ఊళ్లోవాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. అందులో మొదటిది, అన్నిటికన్నా ప్రేమగా చేసింది, తండ్రి కొట్టుకే. తెరవగానే చీకటి. చీకట్లో పొగ. పొగలోంచి కొట్టు పేరు ఒక్కో అక్షరం బయటికొస్తుంది. తర్వాత తోలు కుడుతున్న రెండు చేతులు. ఆ తర్వాత ఒక జత బూట్లు, వాటి ముందు మెట్లు. వేలితో ఒక్కో బూటును ఒక్కో మెట్టెక్కించాలి. పైకి చేరితే తలుపు తెరుచుకుంటుంది. తలుపు వెనకాల మా కథ, మా తోలు, మా చేతులు, ఆ తర్వాత పదకొండు ప్రశ్నల కాగితం. ఫోను నంబరు ఎక్కడా లేదు. దానికి బహుమతి కూడా వచ్చింది, గాజు బొమ్మ. మామయ్య అక్క, మా పెద్దత్తయ్య, దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెడుతుంది.

ఐదు నెలల కిందట కొట్టు ఫోను నంబరే తీసేయించింది మా ఆయన. అన్నీ వెబ్‌సైట్లోనే ఉన్నాయిగా, తోలు కోస్తుంటే ఫోను మోగి నాన్న చెయ్యి తెగుతోంది అన్నాడు. నిజమే, ఒకసారి తెగింది.

ఇక నేను. పొగ తర్వాత కనిపించే ఆ రెండు చేతులూ నావే. మిషను మీద పైతోలు కుట్టేది నేనే కదా. మా పుట్టింటివాళ్లందరికీ పంపి చూపించుకున్నాను. నంబరు ఏదీ అని ఒకసారి మనసులో మెదిలింది. అడిగితే నా చేతుల బొమ్మ తీసేస్తారేమోనని ఊరుకున్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు, నా పిడికిలి కూడా నిండుగానే ఉంది.

నిన్న టీచరు వెళ్లగానే బుల్లికి చెప్పాను. మొహం పాలిపోయింది. "పొద్దున్నదాకా ఆగు వదినా, నేనే చెప్తాను," అంది. పొద్దున్నయింది. పదిన్నరయింది. మేడ మీద తలుపు తెరుచుకోలేదు.

నేనే ఎక్కాను.

కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది, కళ్లు వాచాయి. నన్ను చూడగానే ఏవో అంకెలు చూపించడం మొదలుపెట్టింది. ఐదు నెలల్లో నాలుగు వేల మంది చూశారట. ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు చూశారట.

"చూసినవాళ్లకి కాళ్లు బాగానే ఉన్నాయి బుల్లీ," అన్నాను.

అంత కటువుగా అనాలనుకోలేదు. నోరు జారింది.

అది ఆ అంకెల్ని మూసేసింది. తర్వాత నెమ్మదిగా, తనలో తను చెప్పుకున్నట్టు చెప్పింది. చదువుకునేటప్పుడు మీ నాన్నేం చేస్తారని అడిగితే జోళ్లు కుడతారని చెప్పేదట. అడిగినవాళ్లు వెంటనే మాట మార్చేసేవాళ్లట. ఒకమ్మాయి మాత్రం మార్చకుండా తన పాత చెప్పు చూపించి, ఇది బాగుచేయిస్తావా అందట నవ్వుతూ. ఆరోజే అనుకుందట, నాన్న పనిని ఒక పెద్ద గుడిలా చూపించాలని. చూసినవాళ్లు నోరెత్తకూడదని.

"నోరెత్తలేదు వదినా. తలుపూ తట్టలేదు."

దాని పక్కన కూర్చున్నాను. ఏమనను? తప్పు చేసినదాన్ని తిట్టొచ్చు. ప్రేమతో చేసినదాన్ని ఎలా తిట్టడం?

ఇంతలో మా ఆయన పైకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి ఒకటే పాట. నాన్నకేమీ చెప్పొద్దు. వెబ్‌సైట్ ఈ వారంలో సరిచేసేద్దాం, నంబరు తిరిగి తీసుకుందాం, జనం వాళ్లే వస్తారు. అసలు చెప్పి ఏం ప్రయోజనం, కూతురు చేసిన పని అని తెలిస్తే ఆయన గుండె ఆగిపోతుంది.

"మరి మూడింటికి బండొస్తోందిగా," అన్నాను.

ఏదో ఒకటి చెప్పి ఆపుదామన్నాడు. ఏదో ఒకటి అంటే ఏమిటని అడిగాను.  వారం రోజులుగా నా చెయ్యి పోయింది, నా చెయ్యి పోయింది అని ఆ ముసలాయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంటే, ఏదో ఒకటి చెప్తాడట ఈయన. ఒళ్లు మండింది నాకు.

"నీ చెల్లెలి పరువూ నీ పరువూ నిలబడతాయి సరే. ఆయన చెయ్యి మాత్రం పోయినట్టే ఉండాలా?"

పెళ్లయి పదిహేనేళ్లు. ఇంత గట్టిగా నేనెప్పుడూ అడగలేదు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.  కింద నుంచి సంచిలో కర్రలు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒకటి. కాస్త ఆగి ఇంకొకటి. ప్రతిదాన్నీ చేతిలో పట్టుకుని చూసి మరీ వేస్తున్నారు.

బుల్లి లేచింది. మొహం కడుక్కోలేదు. చెప్పులేసుకోలేదు. ఫోను చేతిలో పట్టుకుని మెట్లు దిగింది.

కొట్టులో పెద్దత్తయ్య స్టూలు మీద కూర్చుని తమ్ముణ్ణి నానా మాటలూ అంటోంది. అత్తయ్య లేని ఈ ఇంట్లో నాకు ఆవిడే అత్తయ్య. తిండి మానేస్తే జనం తిరిగొస్తారా, మీ బావ పోయిన రోజు కూడా నేను కంచం ముందు కూర్చున్నాను, నీకేం రోగం అని దులుపుతోంది. మామయ్య వింటున్నట్టే లేరు.

"నాన్నా," అంది బుల్లి.

ఆయన తలెత్తి చూశారు. దాన్ని చూస్తే ఎప్పుడూ మెత్తబడే మొహం అది. అప్పుడూ మెత్తబడింది.

"నీ చెయ్యి పోలేదు నాన్నా. జనం నీ కుట్టు బాగాలేక మానెయ్యలేదు. వాళ్లకి నువ్వు దొరకలేదు. దొరక్కుండా నేనే చేశాను."

ఆయనకు అర్థం కాలేదు. దొరకకపోవడమేమిటి, రోజూ ఇక్కడే కూర్చున్నానుగా అన్నారు. బుల్లి చెప్పడానికి చూసింది. మాటలు తడబడ్డాయి. మధ్యలో నేనందుకుని నిన్న టీచరు వచ్చి వెళ్లిన సంగతి చెప్పాను. ఆవిడ వదిలి వెళ్తే అరలో దాచిన పాత జోడు తీసి చూపించాను. మామయ్య దాన్ని తిరగేసి చూశారు. మడమ పూర్తిగా అరిగిపోయింది. అట్ట మీద నంబరు సగం చెరిగిపోయింది. వెనకాలే దిగి వచ్చిన మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి, నంబరు తీసేయించింది నేనే నాన్నా అన్నాడు. 

"ఏదమ్మా, చూపించు," అన్నారు మామయ్య.

బుల్లి ఫోను ఆయన చేతిలో పెట్టింది. చీకటి వచ్చింది. పొగ వచ్చింది. ఆయన ఓపికగా చూశారు. నా చేతులు కనిపించినప్పుడు తలెత్తి నా వైపు చూసి, బాగున్నాయన్నట్టు తలూపారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

బూట్లు వచ్చాయి. మామయ్య బొటనవేలు పెట్టి లాగారు. కదల్లేదు. మళ్లీ లాగారు. నలభై ఏళ్లు మైనం దారం లాగి లాగి ఆ వేలు చర్మం తోలుకన్నా మొద్దుబారింది. ఫోను గాజుకు అది వేలని తెలియడం లేదు. పంచెకు తుడుచుకుని ఇంకోసారి పెట్టారు. బూటు సగం లేచి మళ్లీ కిందికి జారిపోయింది. మా దగ్గరికి వచ్చేవాళ్ల వేళ్లు గుర్తొచ్చాయి నాకు. వాళ్లలో కొందరికి పాదాలతో పాటు చేతివేళ్లు కూడా తిమ్మిరెక్కే ఉంటాయి.

"పైన పటారం, లోన లొటారం," అంది పెద్దత్తయ్య, ఎవరి వైపూ చూడకుండా. ఎవరూ నవ్వలేదు.

ఆరోసారో ఏడోసారో మామయ్య ఫోను ఒళ్లో పెట్టుకున్నారు. వాకిలి వైపు చూశారు. మా వాకిట్లో మెట్లుండవు. ఈ కొట్టు అద్దెకు తీసుకున్నప్పుడు మూడు రాతిమెట్లు ఉండేవట. మొదటిరోజు సమ్మెట తెచ్చి తనే పగలగొట్టి, సిమెంటు కలిపి వాలుగా పోశారట. ఇంటాయన గోల చేస్తే, నా దగ్గరికొచ్చేవాళ్లకి మెట్లు పడవండీ అన్నారట. ఆ కథ ఈ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. బుల్లికి పసితనంలో అన్నం తినిపించింది ఆ కథ చెప్పే.

"నేను మూడు పగలగొట్టాను," అన్నారు మామయ్య. "ఇందులో ఎన్నున్నాయమ్మా?"

"తొమ్మిది నాన్నా."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఫోను జాగ్రత్తగా దాని చేతికి ఇచ్చేసి, చాలాసేపు నేలవైపు చూస్తూ కూర్చున్నారు. మా ఆయన ఏదో అనబోతే పెద్దత్తయ్య చేత్తోనే ఆపేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అని ఆవిడ అనబోయి మింగేయడం నాకు కనిపించింది. ఆవిడ సామెత మింగేయడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి మామయ్య లేచి, బీరువా మీదున్న పాదాల పుస్తకం దించారు. అందులో ప్రతి పేజీ మీదా ఒక మనిషి రెండు పాదాల గీత, పక్కన పేరు, ఊరు, ఫోను నంబరు ఉంటాయి. వాళ్లు మనల్ని వెతుక్కోలేకపోతే మనమే వాళ్లని పిలవాలి, ఇన్నాళ్లూ నాకీ బుద్ధి ఎందుకు పుట్టలేదు అన్నారు. ఆ గొంతులో, ఐదు నెలల్లో మొదటిసారి, ఏదో కాస్త కదిలింది. నా ప్రాణం లేచొచ్చింది. బుల్లి మొహంలో కూడా రక్తం తిరిగింది.

"ముందు పోస్టుమాన్‌కి చెయ్యమ్మా."

నంబరు నొక్కింది నేనే. అందరికీ వినపడేలా పెట్టి ఫోను బల్ల మీద ఉంచాను. రెండుసార్లు మోగగానే ఎత్తారు.

"నేనండీ, జోళ్ల మేస్త్రిని," అన్నారు మామయ్య.



"మేస్త్రిగారా? మీరు ఉన్నారా?" అన్నారు పోస్టుమాన్.  "ఆ నంబరు లేదంటే, పోయారనుకున్నామండీ. మా ఆవిడ ఏడ్చింది కూడా."

మామయ్య నవ్వారు. నిజంగా నవ్వారు. ఇంకా పైవాడికి నా కొలత దొరకలేదులెండి అన్నారు. మీ జత నా ముందే ఉంది, ఒకసారి వచ్చి కొలతిచ్చి వెళ్లండి, పది రోజుల్లో కుట్టేస్తాను అంటూ బల్ల మీది కర్ర పాదాలు రెండూ దగ్గరికి లాక్కున్నారు.

అటువైపు కుర్చీ కిర్రుమంది. 

"ఒక కాలికే కొలవాలి మేస్త్రిగారూ. ఎడమది పోయిన నెల తీసేశారు. మోకాలి కిందికి."

 పోస్టుమానే చెప్పుకుంటూ పోయారు, నిమ్మళంగా, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు. పాత జోడు అడుగు ఊడిపోయిందట. మనవరాలు ఫోనులో మూడు రోజులు మా కొట్టు కోసం చూసిందట. ఏవో మెట్లు వస్తున్నాయి తాతయ్యా, తలుపు రావడం లేదు అందట. సరేలే అని బజార్లో మామూలు బూట్లు కొనుక్కున్నారట. లోపల చిన్న మేకు లేచింది. కాలికి తెలియదు కదా. రక్తం చూసేసరికి వారం దాటింది.

"ఉత్తరం రాద్దామనుకున్నానండీ. అడ్రసు నాకు కంఠతా వచ్చు. మూసేసిన కొట్టుకి ఉత్తరమేమిటిలే అని మానేశాను. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచినవాణ్ణి నేను."

మామయ్య ఎడమ కర్ర పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. బొటనవేలి పక్కన ఏటా ఒకటి చొప్పున అతికించిన తోలుముక్కల్ని వేలితో తడుముతున్నారు.

"కుడి కాలికైనా కుట్టిపెడతారా?" అన్నారు పోస్టుమాన్.

"కుడతాను. నేనే వస్తాను కొలతకి. మీరు కదలొద్దు."

వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. అనుకున్న టైము కన్నా ముందే వచ్చాడు కర్రలతను. వాలు మీదుగా లోపలికి వచ్చి, కట్టిపెట్టిన సంచుల్ని కాలితో తట్టి, ఎన్నున్నాయి అని అడిగాడు.  నా కళ్లు సంచుల మీదే ఉన్నాయి. మూడు వందల పైచిలుకు జతలు. వీళ్లందరికీ ఒక్కొక్కరికే ఫోను చేయాలి. ఇంకెంతమంది మామూలు బూట్లు కొనుక్కున్నారో.

ఫోనులోంచి పోస్టుమాన్ గొంతు మళ్లీ వచ్చింది. కోపం లేదు. అడగాలనిపించి అడిగినట్టుంది, అంతే.

"అసలేమైంది మేస్త్రిగారూ? మీరక్కడే ఉన్నారుగా, మాకెందుకు దొరకలేదు?"

మా ఆయన తండ్రి వైపు చూసి వద్దన్నట్టు తలూపాడు. లైను పాడైందని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ మాట మా అందరి నాలుకల మీదా ఉంది. మామయ్య ఎడమ పాదాన్ని గుండెకు ఆనించుకునే, రెండో చేత్తో ఫోను తీశారు. బుల్లి వైపు చాపారు.

"మా అమ్మాయి చెప్తుందండీ."

బుల్లి అందుకుంది.  నమస్కారమండీ, నేను మేస్త్రిగారి కూతుర్ని అంది. అక్కడ ఆగిపోయింది.

అటువైపు ఆయన తొందరపెట్టలేదు.

"చెప్పమ్మా," అన్నారు, "వింటున్నాను."